జాతీయ గీతం కార్డుల డబ్బా: మా ఇంట్లో పిల్లలతో వాడి చూశాక

జనగణమన పాడటం బడిలో నేర్పిస్తారు. దాని వెనక కథ చెప్పే తీరిక మాత్రం అక్కడ ఎవరికీ ఉండదు. మా పెద్దది ఆరో తరగతి, చిన్నోడు మూడు. ఇద్దరికీ గీతం నోటికి వచ్చు. ఎవరు రాశారంటే రవీంద్రనాథ్ ఠాగూర్ అని ఠక్కున చెప్తారు. ఎప్పుడు, ఎందుకు, మొదట ఎక్కడ పాడారు అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఒక పుస్తకాల షాపులో ఈ డబ్బా కనిపించగానే తీసుకున్నాను. డబ్బా మీద రేటు 349 రూపాయలు, షాపాయన 320కి ఇచ్చాడు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి డబ్బాలు రెండు మూడు రకాలు దాదాపు ఒకేలా వస్తున్నాయి. ఏది కొన్నా చూసుకోవాల్సిన విషయాలు ఇవే.

లోపల 24 బొమ్మల కార్డులు, మడత పెట్టిన ఒక పెద్ద చార్టు, భారతదేశం పటం, తల్లిదండ్రుల కోసం చిన్న పుస్తకం, నాలుగు ఖాళీ కార్డులు ఉన్నాయి. కార్డు అట్ట గట్టిగా ఉంది. చిన్నోడు ఒకదాన్ని టీ గ్లాసు కింద పెట్టినా పాడవలేదు. అక్షరాలు పెద్దవి. తెలుగు చదవడానికి హాయిగానే ఉంది.

నల్లగొండ వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటి వాళ్ల కోసం ఒక మాట. మా ఊళ్లో 2021 జనవరి 23న, నేతాజీ జయంతి రోజున మొదలైన ఒక పద్ధతి ఉంది. పొద్దున 8:30కి ముఖ్యమైన చౌరస్తాల్లో మైకుల్లో జనగణమన వస్తుంది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మార్నింగ్ డ్యూటీ లేని రోజుల్లో పిల్లల్ని స్కూటీ మీద నేనే దింపుతాను. గడియారం చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి మైకు మొదలైతే బండి ఆపి, స్టాండ్ వేసి దిగుతాం. ఆటో అన్న కిందికి దిగి నిలబడతాడు. టిఫిన్ బండి దగ్గర ఆమె పెనం మీద దోశ మాడుతున్నా అట్లకాడ పక్కన పెట్టేస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కూడా లేచి నిలబడటం చూశాను. 52 సెకన్లు. అయిపోగానే మళ్లీ హారన్లు. ఈ డబ్బా కొనాలనిపించింది కూడా అక్కడ నిలబడి ఉన్నప్పుడు మా పెద్దది అడిగిన ప్రశ్న వల్లే. "అమ్మా, ఇందులో మన తెలంగాణ పేరు లేదు కదా, మరి మనం ఎందుకు నిలబడుతున్నం?" అంది. ఇలాంటి ప్రశ్నకు బండి మీద వెళ్తూ వెళ్తూ జవాబు చెప్పలేం. ఇంట్లో కూర్చుని, పటం ముందు పెట్టుకుని చెప్పాలి.

ఆ విషయంలో ఈ డబ్బాలో పటం బాగా పనికొచ్చింది. అందులో రాష్ట్రాల పేర్లు ఉండవు, గీతలు మాత్రమే ఉంటాయి. గీతంలో వచ్చే పేర్లు పిల్లలే వెతికి రంగు వేయాలి. పంజాబ, సింధు, గుజరాత, మరాఠా, ద్రావిడ, ఉత్కల, వంగ. ఉత్కల అంటే ఒడిశా అని, వంగ అంటే బెంగాల్ అని పెద్దది చెప్పింది. ద్రావిడ దగ్గరికి వచ్చేసరికి దక్షిణం అంతటికీ ఒకే రంగు వేయమన్నాను. "ఇదిగో, మనం ఇందులో ఉన్నం" అని చూపించాను. ఈ గీతం రాసినప్పుడు తెలంగాణ, ఆంధ్ర అనే రాష్ట్రాలే లేవని, మన నల్లగొండ నిజాం పాలనలో ఉండేదని అప్పుడు చెప్పాను. ఠాగూర్ ఊళ్ల జాబితా రాయలేదు, దేశం మొత్తాన్ని కొన్ని పేర్లలో పట్టుకున్నారు అని చెప్తే పిల్లకు అర్థమైంది.

చిక్కంతా సింధు దగ్గర వచ్చింది. చిన్నోడు పటం మొత్తం వెతికి, "సింధు లేదు, పటం తప్పు" అన్నాడు. పటం తప్పు కాదు. 1947లో దేశం విడిపోయినప్పుడు సింధు పాకిస్తాన్‌కు వెళ్లింది. కరాచీ ఉన్నది అక్కడే. మరి గీతంలో ఎందుకు ఉంచారు అనేది వాడి తర్వాతి ప్రశ్న. ఆ మాట తీసేయాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది. 2005లో కోర్టు తీయక్కర్లేదని చెప్పింది. ఆ పేరు ఒక సరిహద్దుకు మాత్రమే సంబంధించింది కాదు, దేశమంతటా స్థిరపడ్డ సింధీ ప్రజలకూ వాళ్ల సంస్కృతికీ చెందింది అన్నది దాని సారాంశం. ఇంత మంచి సంగతి 24 కార్డుల్లో ఒక్కదాని మీదా లేదు. పటం ఇచ్చి, పిల్లాడి చేత సింధు వెతికించి, దొరకనప్పుడు ఏం చెప్పాలో తల్లిదండ్రుల పుస్తకంలో ఒక్క ముక్క రాయకపోవడం నాకు నచ్చలేదు. ఆ ప్రశ్న రాకుండా ఉండదు. అన్ని ఇళ్లలోనూ వస్తుంది.

డబ్బాలో బాగున్నవి మొదటి ఆరు కార్డులు. 1911 డిసెంబర్ 27, కలకత్తా, కాంగ్రెస్ మహాసభలు, ఈ పాట మొదటిసారి బయట పాడిన రోజు. మొత్తం ఐదు చరణాల పాట, మనం పాడేది మొదటి చరణమే. ఈ సంగతి పిల్లలకే కాదు, మా ఆసుపత్రిలో చాలామందికి తెలియదు. ఆ కార్డు వెనక మిగతా నాలుగు చరణాలు తెలుగు లిపిలో ఇచ్చారు. ఇందుకు మాత్రం డబ్బా తయారు చేసినవాళ్లకు పూర్తి మార్కులు. ఐదో కార్డు ఇంకా బాగుంది. ఠాగూర్ ఈ పాటను ఐదో జార్జి రాజు కోసం రాశారని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మనందరికీ వచ్చే ఉంటుంది. కార్డు దాన్ని దాటేయకుండా విడమరిచి చెప్పింది. 1911 డిసెంబర్ 12న ఢిల్లీలో దర్బారు జరిగింది. 1905లో చేసిన బెంగాల్ విభజనను రద్దు చేస్తున్నట్టు, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు రాజు ఆ దర్బారులోనే ప్రకటించాడు. రెండు వారాల తర్వాత కాంగ్రెస్ సభలో ఠాగూర్ పాటతో పాటు రాజును పొగిడే వేరే హిందీ పాట కూడా పాడారు. కొన్ని ఇంగ్లిష్ పత్రికలు రెండింటినీ కలిపేసి, ఠాగూర్ రాజు కోసం పాట రాశారని వేశాయి. పాటలో చెప్పింది దేశ భాగ్యాన్ని నడిపే దైవాన్ని గురించే తప్ప ఏ జార్జి గురించీ కాదని 1937లో రాసిన ఉత్తరంలో ఠాగూరే చెప్పారు. ఈ కార్డు చదివాక మా పెద్దది వాళ్ల బాబాయికి ఫోన్ చేసింది. వారం కింద ఆ మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది ఆయనే. "బాబాయ్, తారీఖులు చూసుకో" అని పూస గుచ్చినట్టు చెప్పింది. పిల్లలకు చరిత్ర ఎందుకు చెప్పాలి అంటే నేను ఇదే చెప్తాను. ఎవరో పంపిన దాన్ని అలాగే ముందుకు పంపకుండా, తారీఖు అడగడం అలవాటు కావాలి.

అందుకే పదహారో కార్డు చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. "ప్రపంచంలోనే ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో ప్రకటించింది" అని పెద్ద బంగారు రంగు పతకం బొమ్మతో వేశారు. యునెస్కో అలాంటి ప్రకటన ఎప్పుడూ చేయలేదు. అది కూడా ఫోన్లలో తిరిగిన పుకారే. ఐదో కార్డులో ఒక పుకారును అంత ఓపికగా విప్పి చెప్పిన వాళ్లు, పదహారో కార్డులో ఇంకో పుకారును అచ్చు వేస్తే ఎలా? మన గీతానికి ఎవరి పతకమూ అక్కర్లేదు. ఆ కార్డు తీసి పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో పిల్లలకు చెప్పాను కూడా.

మొదటి కార్డు బొమ్మలో ఇంకో లోపం మా పెద్దదే పట్టింది. 1911 సభ బొమ్మలో ఠాగూర్ పేరు కింద "నోబెల్ గ్రహీత" అని ఉంది. ఆయనకు నోబెల్ వచ్చింది 1913లో. చార్టు మీద రెండు తారీఖులూ పక్కపక్కనే ఉండటంతో పిల్లకు వెంటనే దొరికింది. చిన్న విషయమే, రెండో ముద్రణలో సరిచేస్తే చాలు.

ఇరవయ్యో కార్డును మాత్రం చిన్న విషయం అనలేను. గీతం పాడకపోతే మూడేళ్లు జైలు అని అందులో ఉంది. చట్టం అలా లేదు. 1971లో వచ్చిన చట్టం ప్రకారం, కావాలని గీతం పాడనివ్వకుండా అడ్డుకున్నా, పాడుతున్న సభలో గొడవ చేసినా మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ పడవచ్చు. పాడకుండా నిలబడటం నేరం కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు గీతం వచ్చినప్పుడు మర్యాదగా నిలబడేవాళ్లు, వాళ్ల మత నమ్మకం వల్ల పాడేవాళ్లు కాదు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ బడిలో చేర్చుకోవాలని తీర్పు ఇచ్చింది. మూడో తరగతి పిల్లాడి చేతికి జైలు అని రాసిన కార్డు ఇవ్వకూడదు. మా చిన్నోడు రెండు రోజులు చౌరస్తాలో పెదవులు కదిలించనివాళ్లను చూసి "పోలీసులు వస్తారా అమ్మా" అని టెన్షన్ పడ్డాడు. గౌరవం భయం నుంచి రాకూడదని నా గట్టి నమ్మకం. ఆ కేరళ పిల్లల కథ చెప్పాకే వాడు కుదుటపడ్డాడు. అది కార్డు మీద ఉండాల్సిన కథ.

పాట వినడానికి కార్డు మీద క్యూఆర్ కోడ్ ఇచ్చారు. స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. పాట మధ్యలో సబ్బు ప్రకటన వచ్చింది. పిల్లలు నిలబడి ఉన్నారు, ఏం చేయాలో తెలియక నా మొహం చూశారు. ఆ తర్వాత ఆ కోడ్ మళ్లీ వాడలేదు. ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

నాకు అన్నిటికన్నా పెద్ద లోటు అనిపించింది వేరే. ఈ కార్డుల్లో కలకత్తా ఉంది, ఢిల్లీ ఉంది, తెలుగు నేల మాత్రం లేదు. తెలుగులో అచ్చు వేసి, తెలుగు పిల్లలకు అమ్మే డబ్బాలో మదనపల్లె లేకపోవడం ఏమిటి? ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లెలో బెసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉంది. 1919లో ఠాగూర్ దక్షిణాది పర్యటనలో అక్కడికి వచ్చారు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లాండ్ కవి. ఫిబ్రవరి 28న అక్కడి విద్యార్థుల ముందు ఠాగూర్ ఈ పాట బెంగాలీలో పాడి వినిపించారు. తర్వాత ఇంగ్లిష్‌లోకి అనువాదం చేసింది కూడా అక్కడే. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్‌కు సంగీతం బాగా తెలుసు. ఆమె పాటకు స్వరాలు రాసి పెట్టింది. ఇప్పుడు మనం పాడే వరసకు ఆ మదనపల్లె స్వరాలతో సంబంధం ఉందని చెప్తారు. ఇది విన్నాక మా చిన్నోడు పటంలో మదనపల్లె వెతికి ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాడు. చుక్క కాస్త తమిళనాడు వైపు జరిగింది, పర్వాలేదు.

హైదరాబాద్ కథ ఇంకొకటి. నేతాజీ గురించి రెండు కార్డులు ఉన్నాయి. 1942 సెప్టెంబర్‌లో జర్మనీలోని హాంబర్గ్‌లో జనగణమనను భారత జాతీయ గీతంగా వాయించారని, ఆ తర్వాత నేతాజీ ఏర్పాటు చేసిన ఆజాద్ హింద్ ప్రభుత్వం కోసం దాన్ని హిందుస్తానీలో రాయించారని, కెప్టెన్ రామ్ సింగ్ ఠాకూరి బాణీ కూర్చారని ఉంది. అంతా సరిగానే ఉంది. కానీ ఆ హిందుస్తానీ పాట వెనక చేయి వేసినవారిలో మన హైదరాబాద్ వాడైన ఆబిద్ హసన్ సఫ్రానీ పేరు లేదు. 1943లో జర్మనీ నుంచి జలాంతర్గామిలో నేతాజీతో పాటు వెళ్లింది ఆయనే. జైహింద్ అనే నినాదం ఇచ్చింది కూడా ఆయనే అంటారు. జలాంతర్గామి అనగానే మా చిన్నోడికి అన్నం సహించలేదు. కంచం ముందు పెట్టుకుని ఆ కథే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత కార్డు 1950 జనవరి 24. రాజ్యాంగ సభలో బాబూ రాజేంద్రప్రసాద్ జనగణమనను జాతీయ గీతంగా ప్రకటించిన రోజు. స్వాతంత్ర్య పోరాటంలో వందేమాతరానికి ఉన్న పాత్రను గుర్తుచేసి, దానికీ సమాన గౌరవం ఉంటుందని ఆ ప్రకటనలోనే చెప్పారు. సభ్యులు రాజ్యాంగం మీద సంతకాలు చేసిందీ అదే రోజు. ఈ కార్డు బాగుంది. కానీ 1947 ఆగస్టు 15 కార్డు నుంచి నేరుగా ఇక్కడికి దూకేశారు. మన జిల్లా పిల్లలకు ఆ మధ్యలో ఒక కార్డు కావాలి. 1947 ఆగస్టు 15న నల్లగొండ భారతదేశంలో లేదు. 1948 సెప్టెంబర్ 17 దాకా నిజాం రాజ్యమే. అంతకు ముందు 1938లో ఉస్మానియా హాస్టల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపిస్తే, చాలామంది నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్నారు. పీవీ నరసింహారావు గారు వాళ్లలో ఒకరు. పాట పాడితే చదువు పోయే కాలం అది. మా అత్తమ్మ వాళ్ల నాన్నది సూర్యాపేట వైపు. నిజాం తరఫున ఊళ్ల మీద పడే రజాకార్ల రోజుల్లో రాత్రిళ్లు జొన్న చేలల్లో పడుకునేవాళ్లమని ఆయన చెప్పేవారట. అత్తమ్మ ఆ మాట చెప్తుంటే పిల్లలు కార్డులు కింద పెట్టేసి విన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ డబ్బాలోనూ దొరకనిది వాళ్ల దగ్గర దొరుకుతుంది.

ఇక మా నల్లగొండ పక్కనే ఉన్న అన్నెపర్తి. జనగణమన తర్వాత బడిలో చెప్పే ప్రతిజ్ఞ, "భారతదేశం నా మాతృభూమి" అని మనమంతా చేయి చాచి చెప్పినది, రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది ఆ ఊరే. 1962లో, చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది, ఆయన విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశారు. అక్కడి నుంచి మిగతా భాషల్లోకి వెళ్లింది. మన పక్క ఊరి మనిషి రాసిన మాటలు దేశమంతా పిల్లలు చెప్తున్నారు. డబ్బాలో ప్రతిజ్ఞ కార్డు ఉంది, పూర్తి పాఠం ఉంది, కింద రాసినవారి పేరు లేదు. ఇది నేను అచ్చు తప్పు అని వదిలేయలేను. ఠాగూర్ పేరు నాలుగు కార్డుల మీద వేసినవాళ్లు సుబ్బారావు గారి పేరు ఒక్క కార్డు మీద వేయాలి. ఆదివారం పిల్లల్ని అన్నెపర్తి తీసుకెళ్లాను. ఊరి బోర్డు దగ్గర నిలబడి ఇద్దరూ ప్రతిజ్ఞ మొత్తం చెప్పారు. పోలీసు బెటాలియన్ వైపు వెళ్తున్న ఒకాయన బండి ఆపి, "మా ఊరాయనదే బిడ్డా అది" అని చెప్పి వెళ్లాడు.

ఖాళీ కార్డుల సంగతి చివర్లో చెప్తున్నాను కానీ ఈ డబ్బాలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. "మీ ఊరి కథ మీరే రాయండి" అని పైన గీత గీసి వదిలారు. మదనపల్లె, ఆబిద్ హసన్, అన్నెపర్తి మూడూ రాశాం. నాలుగో దాని కోసం ఇద్దరూ కొట్లాడుకున్నారు. 2024 జూన్ 2న వచ్చిన మన రాష్ట్ర గీతం పెట్టాలని చిన్నోడు, సెప్టెంబర్ 17 పెట్టాలని పెద్దది. నేను అట్ట డబ్బా కత్తిరించి అదే కొలతకు ఇంకో కార్డు చేసి ఇచ్చాను. ఇలాంటివి నాలుగు కాదు, పది ఇవ్వాలి. కంపెనీకి ఈ మాట, మిగతా తప్పులూ కలిపి ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.

కొనొచ్చా అంటే, కొనండి. నాలుగో తరగతి నుంచి ఎనిమిది దాకా పిల్లలకు సరిపోతుంది. మూడులోపు పిల్లలకు పటం, రంగులు చాలు, కార్డులు ఎక్కువైపోతాయి. రోజుకు రెండు కార్డులు మించి చూపించకండి. పిల్లల చేతికి డబ్బా ఇచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోతే 320 రూపాయలు దండగ. మీరు పక్కన కూర్చోవాలి, ముందుగా తల్లిదండ్రుల పుస్తకం చదవాలి, పదహారు, ఇరవై కార్డులు తీసేయాలి లేదా వాటి మీద సరైన సంగతి రాసి అతికించాలి. ఆన్‌లైన్‌లో రేటు ఇంకో 40 తక్కువ ఉంది కానీ అక్కడ వచ్చేది ఇంగ్లిష్ డబ్బా. తెలుగుది కావాలంటే షాపులో అడిగి, సీలు విప్పించి, పటం, ఖాళీ కార్డులు ఉన్నాయో లేదో చూసుకుని తీసుకోండి. మా పక్కింటి వాళ్లు తెచ్చిన డబ్బాలో పటం లేదు, మళ్లీ వెళ్లి మార్చుకోవాల్సి వచ్చింది. ఆగస్టు ముందు కొత్త సరుకు వస్తుందని షాపాయన చెప్పాడు.